బావమరిది కొలతలు

ఇంటికొచ్చిన చుట్టం ముందు మంచినీళ్ళడుగుతాడు. మా బావమరిది ఆ వేసవిలో వస్తూనే గుమ్మం కొలిచాడు.

జేబులోంచి ఇనప టేపు తీసి సర్రున లాగాడు. ఈ పక్క చెక్కకీ ఆ పక్క చెక్కకీ పట్టి చూశాడు. పెదాలు కదిపి ఏదో అనుకున్నాడు. టేపు మళ్ళీ సర్రున లోపలికి పోయింది. అప్పుడు గానీ నా వైపు తిరగలేదు.

"బాగున్నావా బావా?"

"నా సంగతికేం గానీ, గుమ్మం ఎలా ఉంది?"

"కొంచెం ఇరుకు."

"నువ్వు లావెక్కి గుమ్మాన్నంటావేంరా?"

మా ఆవిడ పక్కనే ఉండి నవ్వింది. మామూలుగా ఆవిడ నా మాటలకి నవ్వదు. విని విని అరిగిపోయాయంటుంది. ఆ రోజు నవ్వింది, తమ్ముడూ నవ్వాడు. బస్సు కండక్టరుగా బతుకంతా నిలబడి పని చేసినవాణ్ణి నేను. టిక్కెట్టు కొననివాడు ఎంత రద్దీలో దాక్కున్నా మొహంలో మర్యాద చూసి పట్టేసేవాణ్ణి. టిక్కెట్టున్నవాడు విసుక్కుంటాడు, లేనివాడు నవ్వుతాడు. ఇక్కడ అక్కాతమ్ముళ్ళిద్దరూ నవ్వుతున్నారు. ఏదో ఉందనుకున్నాను.

మావాడి పని సినిమాలకీ టీవీ సీరియళ్ళకీ ఇళ్ళు కట్టడం. వెనకటికి ఆర్ట్ డైరెక్టరనేవారు, ఇప్పుడు ప్రొడక్షన్ డిజైనరంటున్నారు. పేరు పెరిగింది గానీ గోడ మందం పెరగలేదు. అందుకే నేను వాణ్ణి అట్టకోట అని పిలుస్తాను. మొదట్లో దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసేవాడు. తర్వాత నాటకాలకి తెరలు వేశాడు. ఒక తెర మీద తలుపు ఎంత బాగా వేశాడంటే, కథానాయకుడు కోపంగా బయటికి వెళ్ళబోయి ముక్కు చితక్కొట్టుకున్నాడు. ఆ ముక్కే మావాడి అదృష్టం. సినిమావాళ్ళు కబురు పెట్టారు. అక్కడ వీడు రంగులతో వేసిన పొయ్యి పక్కన పిల్లి వచ్చి చలి కాచుకుందట. థర్మోకోల్ రాళ్ళతో కోట కడితే పన్నులవాళ్ళొచ్చి నోటీసు అంటించి వెళ్ళారు, ఆ నోటీసు బరువుకి గోడ పడిపోయింది. ఇందులో నేను కలిపింది పావు వంతే. మిగతాది వాడే కలిపి నాకిచ్చాడు.

అలాంటివాడు మా ఇంట్లో ఏనాడూ కాఫీ చల్లారేదాకా కూర్చున్న పాపాన పోలేదు. ఈసారి రెండు ట్రంకు పెట్టెలు, పనిముట్ల సంచీ, రంగు డబ్బాలు దించాడు.

"ఎన్నాళ్ళుంటావేంటి?" అన్నాను.

"ఎండలు తగ్గేదాకా. షూటింగుల్లేవు బావా."

అది పచ్చి అబద్ధం. అంతకు ముందు వారమే పేపర్లో వేశారు, వాడొక పెద్ద సీరియల్‌కి మేడ కడుతున్నాడని. హాల్లో మెట్లు, మెట్ల కింద నీళ్ళ కొలను, అంత సెట్టు టీవీవాళ్ళు ఎన్నడూ ఎరగరని. ఆ వార్త మా ఆవిడకి చదివి వినిపించింది నేనే. కొంతకాలంగా ఆవిడ పేపరు నా చేతే చదివించుకుంటోంది. "మీ గొంతులో వింటే వానొస్తుందన్న ముక్క కూడా కథలా ఉంటుందండీ," అనేది. పొగిడితే కాదనేంత గొప్పవాణ్ణి కాదు నేను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఇల్లు మా మామగారిది. ఆయన పోయేముందు కూతురికిచ్చారు. అప్పుడు మా అట్టకోట, "నేను వారానికో ఇల్లు కడతాను, నాకెందుకిది, అక్కకే ఇవ్వండి," అన్నాడు. ఎంత దొడ్డ మనసో అని నలుగురూ మెచ్చుకున్నారు. అయితే వారానికో ఇల్లు కట్టేవాడికి వారానికో ఇల్లు పీకెయ్యడం కూడా అలవాటే కదా. జుట్టు నెరిశాక అట్ట ఇల్లు వానకి ఆగదని తెలిసొచ్చి, ఇటుక ఇంటి మీద కన్నేశాడేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఈ వయసులో మా ఇద్దరి నెత్తి మీదా ఈ కప్పు తప్ప మరో కప్పు లేదు.

మర్నాటినుంచి కొలతలు మొదలయ్యాయి. హాలు కొలిచాడు. వంటింటి అరలు కొలిచాడు. పొయ్యికీ నీళ్ళ కుళాయికీ మధ్య దూరం కొలిచాడు. పడక్కుర్చీలో నేను కూర్చుని ఉండగానే కుర్చీ కొలిచాడు.

"నన్ను కూడా కొలవరా, పాడె కట్టడానికి పనికొస్తుంది," అన్నాను.

"నువ్వు కదలకుండా ఉంటే చాలు బావా."

తర్వాత ఫోటోలు. ప్రతి అరనీ, ప్రతి గూటినీ, డబ్బా పక్కన డబ్బానీ ఫోటో తీశాడు. ఎందుకురా అంటే, "మా పనిలో అలవాటు. ఇవాళ గ్లాసు కుడి పక్కనుండి రేపు ఎడమ పక్కనుంటే చూసేవాళ్ళు పట్టేస్తారు," అన్నాడు. మా ఇంటి గ్లాసులు చూసేవాళ్ళెవరో నాకు బోధపడలేదు.

ఎదురింటి టైలరు నాకు ఆప్తుడు. మిషను తొక్కుతూ మా గుమ్మం మీదే చూపుంచుతాడు. పని మీద చూపు లేకపోబట్టే ఆయన కుట్టిన చొక్కాలకి ఒక చెయ్యి పొడుగుంటుంది. విషయం ఆయన చెవిన వేశాను. సూది నోట్లోంచి తీసి, తాపీగా అన్నాడు:

"కండక్టరు గారూ, నాకు తెలిసిన ముక్క ఒకటి చెబుతాను. కొలత తీసుకున్నవాడు కత్తెర వెయ్యక మానడు."

"అంటే?"

"అంటే ఏముంది. హాలు మధ్యలో గోడొస్తుంది. ఇవతల మీరు, అవతల ఆయన."

"వంటిల్లో?"

"వంటిల్లు ఎటుపోతుందో మీ ఆవిడ గారినడగండి. తమ్ముడితో మాట్లాడుతున్నది ఆవిడే కదా."

అది నిజం. వంటింట్లోంచి గుసగుసలు వినబడేవి. నా చెప్పుల చప్పుడు కాగానే ఆగిపోయేవి. లోపలికి వెళితే ఇద్దరూ బియ్యంలో రాళ్ళేరుతూ కనిపించేవారు. ఆ వేసవిలో మా ఇంట్లో ఏరినన్ని రాళ్ళు రోడ్డు వేసేవాళ్ళు కూడా ఏరి ఉండరు.

రోజులు గడిచేకొద్దీ ఇల్లు నా కాళ్ళ కింద మారిపోతూ వచ్చింది. డబ్బాలన్నీ పోయి కొత్తవొచ్చాయి, ఒకటి గుండ్రం, ఒకటి పలకలు, ఒకటి నడుం సన్నం. పంచదార ఎక్కడని అడిగితే, "నడుం సన్నం," అనేది మా ఆవిడ, అక్కడికి అదేదో మనిషైనట్టు. పెరటి మెట్ల అంచులకి తెల్లటి పట్టీ వేశాడు. నల్ల బండ మీద తెల్ల పళ్ళెం, తెల్ల గట్టు మీద నల్ల గిన్నె, అలా పెట్టించాడు. కిటికీ దగ్గర నేను ఏళ్ళ తరబడి కూర్చున్న పడక్కుర్చీని గోడ పక్కకి జరిపి, పక్కన చిన్న బల్ల వేశాడు.

"నా కుర్చీ జోలికెందుకు వెళ్ళావు?"

"కిటికీ వెలుగు ఎదురు కొడుతోంది బావా."

"నా కంటికి కొట్టాలి గదా. నీకేం?"

వాడు అక్క వైపు చూశాడు. ఆవిడ గబగబా, "వాడి చేతులు ఊరుకోవండీ. ఉన్నన్నాళ్ళు ఆడుకోనివ్వండి," అంది.

ఆ సాయంత్రం హాల్లో వట్టి కాళ్ళతో నడుస్తుంటే చాప కింద అరికాలికి ఏదో తగిలింది. చాప ఎత్తి చూస్తే సన్నటి తాడు, నేలకి అంటించి నేల రంగే వేసి ఉంది. వంటింటి గుమ్మంనుంచి బయల్దేరి నా కుర్చీ దగ్గర అడ్డంగా ఆగింది. అక్కణ్ణించి ఇంకోటి పెరటి వైపు వెళ్ళింది. చాప కింద నీరని విన్నాను గానీ చాప కింద తాడు ఎప్పుడూ వినలేదు.

టైలరుకి ఆ ముక్క చెబితే మిషను ఆపేశాడు. "గీత గీసేశాడండీ. మేం సుద్దతో గీస్తాం, ఆయన తాడుతో గీశాడు. ఇంక కత్తిరించడమే."

ఇది ఇలా ఉండగా ఒక పొద్దున మా గేటు ముందు తెల్ల కారు ఆగింది. నల్ల కళ్ళద్దాల మనిషి దిగాడు. సీరియల్ కంపెనీ మేనేజరట. మా ఆవిడ పెరట్లో బట్టలారేస్తోంది. అట్టకోట అతన్ని లోపలికి రానివ్వకుండా గేటు దగ్గరే నిలబెట్టాడు. నేను గేటు పక్కన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. నీళ్ళు పోశాను గానీ చెవులు మాత్రం అక్కడే ఉంచాను. మొక్క ఒకటి మునిగి చచ్చింది కూడా.

"మెట్లు గాల్లో ఆగిపోయాయి సార్," అంటున్నాడు మేనేజరు. "హీరోయిను దిగాలి. ఎక్కడికి దిగుతుంది? మీరొచ్చి ఆ హాలొక్కటి తేల్చండి చాలు."

"ఇప్పుడు రాలేను."

"అయితే ఇంకొకర్ని పెట్టుకుంటారు. పేరు కూడా వాళ్ళదే పడుతుంది. ఇంత పెద్ద పని మీకు మళ్ళీ రాదు, నేను మీ మంచి కోరి చెబుతున్నా."

"పెట్టుకోండి," అన్నాడు మావాడు, ఎంగిలి విస్తరి పారేసినంత తేలిగ్గా.

మేనేజరు కారెక్కబోతూ నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీకేమవుతారాయన?"

"బావమరిది. నా ఖర్మ."

"అంత మేడ వదిలేసుకుని ఇక్కడ ఏం కడుతున్నారండీ?"

అదే నేనూ అడగదలుచుకున్నాను. కారు వెళ్ళిపోగానే అట్టకోట నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బావా, ఇది అక్కకి చెప్పకు. మేడ పని పూర్తి చేసే వచ్చానని చెప్పాను."

"నాకు షూటింగుల్లేవని చెప్పావు. ఆవిడకి పూర్తయిందని చెప్పావు. ఇంకా ఎన్ని గోడలు లేపుతావురా?"

"ఎండాకాలం అయిపోనీ, చెబుతా," అని చేతిలోని టేపుని సర్రుమనిపించాడు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం భోజనం కాగానే గదిలో పడుకుని గురక మొదలుపెట్టాను. దొంగ గురక నిజం గురక కన్నా కష్టం. నిజం గురక దానంతటదే వస్తుంది, దొంగ గురకకి లెక్క తప్పకూడదు. తలుపు సందులోంచి హాలు కనిపిస్తోంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. వాడు హాల్లో ఓ మూల గొంతుక్కూర్చున్నాడు.

"మళ్ళీ రా అక్కా. తల దించకు. కాలే చూసుకుంటుంది."

ఆవిడ నడిచి వచ్చింది. నా కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీలో ఎవరూ లేరు. ఖాళీ కుర్చీని చూసి నవ్వింది.

"నవ్వు ఎక్కువైంది. బావ అనుమానిస్తాడు. రోజూ నువ్వు బావని చూసి ఇంత నవ్వవు కదా."

"అదీ నిజమే," అని మొహం కాస్త చిరాగ్గా పెట్టింది. "ఇలాగా?"

"ఆఁ. అది అచ్చం నువ్వే."

నా గురక ఆగిపోయింది. ఇద్దరూ గది వైపు తిరిగారు. మళ్ళీ అందుకున్నాను.

టైలరు ఇది విని చాలాసేపు ఆలోచించాడు. "తలెత్తి నడవడం, నవ్వడం, చిరాకు పడడం. ఇది యాక్టింగండీ. ఆవిడ గారిని సీరియల్లో తల్లి వేషానికి తీసుకుపోతున్నాడు."

"మరి ఇల్లు?"

"ఇల్లు షూటింగుకి. అంటే కండక్టరు గారూ, ఇల్లూ ఇల్లాలూ రెండూ ఒక్క టిక్కెట్టు మీద పోతున్నట్టే లెక్క."

నేను ఇంటికొచ్చేసరికి కోపం నషాళానికంటింది. హాల్లో ఎవరూ లేరు. వంటింట్లో గిన్నెల చప్పుడు. నా ఇంట్లో నా కుర్చీ నేను కోరిన చోట ఉండకూడదా? పడక్కుర్చీని నేలకి రాసుకోకుండా ఎత్తి, కిటికీ దగ్గర దాని పాత స్థానంలో వేశాను. చిన్న బల్లని కూడా పట్టుకెళ్ళి పక్కన పెట్టాను. కుర్చీలో కూర్చోకుండా కిటికీ పక్కన నిలబడ్డాను. వాడొచ్చి అడగాలి, నేను కడిగెయ్యాలి, అదీ నా ఏర్పాటు.

వాడు రాలేదు. కాఫీ గ్లాసుతో మా ఆవిడ వచ్చింది.

తలెత్తి నడుస్తోంది. తాడు కాలికి తగిలినచోట కొద్దిగా ఆగి పక్కకి తిరిగింది. ఎండ కిటికీలోంచి నా మీద పడుతోంది, ఎదురుగా నిలువెత్తు మనిషిని ఉన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. కుర్చీ ఇందాకటిదాకా ఉన్న చోటు, ఇప్పుడు వట్టి గోడ, ఆ గోడ ముందు ఆగింది. కాస్త చిరాకు మొహం పెట్టింది.

"ఎక్కడెక్కడ తిరిగొస్తారండీ ఈ ఎండలో? తీసుకోండి, చల్లారిపోతుంది."

గ్లాసు చాచింది. అక్కడ గాలి తప్ప ఎవరూ లేరు.

చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా నాలుగంగల్లో ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చూస్తున్న చోట ఒంగి, కుర్చీలో కూర్చున్న మనిషికి తలెక్కడుంటుందో అక్కడ తల పెట్టి, చేతిలోంచి గ్లాసందుకున్నాను.

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాను. ఇంకా తాగలేదు.

ఆవిడ తృప్తిగా వెనక్కి తిరిగి తాడు వెంట వెళ్ళిపోయింది. వంటింటి గుమ్మంలో అట్టకోట నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, కిటికీ దగ్గరున్న కుర్చీని చూశాడు. అక్కకి దారిచ్చి హాల్లోకి వచ్చాడు. ఇద్దరం కలిసి కుర్చీని, బల్లని ఎత్తి గోడ పక్కన వేశాం. ఒక వేలెడు అటూ ఇటూ అయితే వాడు మళ్ళీ సర్దాడు.

మాట్లాడుకోవడానికి వీధి చివర బస్సు షెల్టరుకి వెళ్ళాం. మగవాళ్ళు మొహం మొహం చూసుకోకుండా మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చలికాలంలో అక్క నా దగ్గరికొచ్చినప్పుడు డాక్టరుకి చూపించా. చూపు మధ్యలోనుంచి పోతోంది. పక్కలనుంచి కాస్త మసగ్గా తెలుస్తుంది, వెలుగూ నీడా. అదీ నిలవదన్నాడు. వైద్యం లేదు బావా."

పేపరు చదివించుకోవడం, మోకాళ్ళ నొప్పులని వీధిలోకి రాకపోవడం, సూదిలో దారం ఎక్కించమని టైలరు దగ్గరికి పంపడం, అన్నీ ఒకటొకటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. టిక్కెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేవాణ్ణట నేను.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకుంది. అమ్మకి చూపు పోయాక నాన్న ఏం చేశాడో నీకు గుర్తుందా?"

"కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. నోటిదగ్గరికి అన్నీ అందించేవారు. అంత బాగా చూసుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు."

"ఊఁ. గ్లాసు ఎత్తనిచ్చేవాడు కాదు. మంచం దిగనిచ్చేవాడు కాదు. అమ్మ పోయేదాకా ఆ మంచం మీదే ఉంది. చివర్లో మాట్లాడ్డం కూడా మానేసింది. అది అక్క చూసింది. అక్క ఏమందో తెలుసా? 'మీ బావ మంచివాడురా, అదే నా భయం,' అంది."

బస్సొకటి వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కలేదు. వెళ్ళిపోయింది.

"అందుకని తాడేశావా?"

"సెట్టు మీద నటులు సరిగ్గా వెలుగు పడే చోట ఆగాలి. నేల చూస్తూ నడిస్తే బాగోదు కదా. రంగు టేపు వేస్తాం. కెమెరాకి నేల కనిపిస్తుందంటే టేపు పనికిరాదు, చాప కింద తాడు వేస్తాం. నాలుగు రోజులు సాధన చేస్తే అరికాలు నేర్చుకుంటుంది. నాకొచ్చిన పని ఇదొక్కటే బావా. మొదట మనిషి ఎక్కడ నిలబడుతుందో చూసుకుని, తర్వాత ఇల్లు కడతాం. ఇక్కడా అదే చేశా."

"మేడ పోయింది కదరా."

"పోనీ. మెట్ల కింద కొలనేమిటి, ఎవడైనా పడి చస్తాడు."

వాడు నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను. వెలుగు చాలని మనిషి కోసం వెలుగులో బతికేవాడు పని మానుకుని వస్తే, నేను ఇటుకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"నీకు తెలిసిందని తనకి తెలియనివ్వకు," అన్నాడు. "లేచి చెయ్యి పట్టుకున్నావంటే అయిపోయినట్టే. ఒక్కసారి పట్టుకుంటే నువ్వింక వదలవు."

అప్పట్నుంచి ఆ ఇంట్లో నటించడం నా వంతు అయింది. కుర్చీ కదపకూడదు. గ్లాసు తీసిన చోటే పెట్టాలి. తలుపు అయితే పూర్తిగా తెరవాలి, లేకపోతే పూర్తిగా వెయ్యాలి, సగం పనికిరాదు. చెప్పులు గుమ్మానికి ఎడం పక్కన, గోడకి ఆనించి. అన్నిటికన్నా కష్టం చేతులు ముడుచుకుని కూర్చోవడం. ఆవిడ కత్తి పట్టుకుని కూర తరుగుతుంటే నా పళ్ళు కరుచుకునిపోయేవి. ఒకసారి వేలు తెగింది. నేను లేవబోతే అట్టకోట నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టేశాడు. ఆవిడే నీళ్ళు పోసుకుని గుడ్డ చుట్టుకుని మిగతాది తరిగింది. కూరలో ఉప్పు ఎక్కువైంది. "ఉప్పెక్కువైంది," అన్నాను. అలా అనడం కూడా నా పాత్రలో భాగమే.

టైలరుకి మాత్రం ఏమీ చెప్పలేదు. షూటింగ్ ఎప్పుడని రోజూ అడిగేవాడు. సాగుతోందనేవాణ్ణి.

మొదటి వాన పడ్డాక అట్టకోట పెట్టెలు సర్దుకున్నాడు. వెళ్ళేముందు అక్క చేత ఇల్లంతా ఒకసారి నడిపించాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె నడుస్తున్నంతసేపూ వాడి టేపు జేబులోనే ఉంది.

అనుమానం అంటురోగం లాంటిది, ఇల్లు మారదు, మనిషిని మారుస్తుంది. వాడు వెళ్ళాక అది మా ఆవిడకి పట్టుకుంది. నేను పలకరిస్తే కొంచెం ఆగి జవాబిచ్చేది. ఒకరోజు ఏ కారణం లేకుండా, "మీ ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఇంకోరోజు నా కుర్చీ చెయ్యి తడిమి, బల్ల అంచు తడిమి, ఊఁ అనుకుని వెళ్ళిపోయింది.

ఆ సీరియల్ మొదలైన సాయంత్రం బయట వాన సన్నగా పడుతోంది. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "పెట్టండి. వాడు కట్టిన మేడ కదా," అంది. వాడి సీరియళ్ళు ఏదీ వదిలేది కాదు. కథ సంగతి ఆవిడకి పట్టదు, గోడలే చూసేది.

పాట వచ్చింది. పేర్లు పడుతున్నాయి. మెట్లు కనిపించాయి. వాడి పేరు ఉండాల్సిన చోట ఎవరిదో పేరు వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

"మా తమ్ముడి పేరు వచ్చిందా?" అందావిడ, తెర వైపే మొహం పెట్టి.

నా నోట్లో అబద్ధాలు బారులు తీరాయి. నాకు అబద్ధానికి కరువా? పెద్ద అక్షరాల్లో వేశారని చెప్పొచ్చు, బంగారు రంగులో వేశారని చెప్పొచ్చు, పేరు పడగానే చుట్టూ పూలు రాలాయని చెప్పొచ్చు. ఆవిడ సంతోషిస్తుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ నన్నలా అడగడం అదే మొదటిసారి. కళ్ళ ముందు పడే పేరు వచ్చిందా అని ఎవరైనా పక్కవాణ్ణి అడుగుతారా?

"రాలేదు," అన్నాను. "ఇంకెవరిదో వేశారు."

వంటింట్లో పాలు పొంగే చప్పుడైంది. ఆవిడ లేచింది. నా రెండు చేతులూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. ఆవిడ చాప మీదుగా వెళ్ళింది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది.

"తెలుసు," అంది. "పొద్దున ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆ పని వదులుకుని వచ్చాడట. బాగా తిట్టాను."

"తెలిసి నన్నెందుకడిగావు?"

"మీరేం చెబుతారో చూద్దామని. నా కళ్ళ సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?" అంది.

"ఎండల్లో. ఒకసారి కాఫీ తెచ్చావు. నేనక్కడ లేను."

ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి ఊరుకుంది. "నాకు తెలిసిందని నీకెలా తెలిసింది?" అన్నాను.

"పెళ్ళయినప్పట్నుంచి మీ చెప్పులకి తన్నుకుని పడబోవడమే నా పని. ఉన్నట్టుండి అవి గోడవారకి వెళ్ళి కూర్చున్నాయి. ఇంక నాకు తెలియకపోవడమేంటి?"

"మరి ఏమీ అనలేదేం?"

"నా చేతిలోంచి కత్తి ఎప్పుడు లాక్కుంటారా అని చూశాను. లాక్కోలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. పాల వేడికి చెమట పట్టిందేమో. "ఉప్పెక్కువైందని కూడా అన్నారు. అబ్బో, ఆరోజు ఎంత కోపమొచ్చిందో."

టీవీలో పాట అయిపోయి ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. ఆవిడ కుర్చీ వైపు ఒరిగింది.

"ఇంక మిమ్మల్ని అడగొచ్చనుకుంటా. ఆ హాలెలా ఉందో చెప్పండి. కలపకుండా చెప్పండి."

నేను తెర వంక చూశాను. అంత జాగ్రత్తగా నేను దేన్నీ చూసి ఉండను.

"మెట్లున్నాయి. ఎడం పక్కన."

"వాడు కుడి పక్కన గీశాడు."

"ఎడం పక్కనే ఉన్నాయి."

"అయితే మార్చేశారన్నమాట. గోడలు?"

"పాత ఇటుక రంగు. కింద కొంచెం ముదురుగా ఉంది. కొలను లేదు, దాని చోట ఎర్రటి తివాచీ పరిచారు. దాని మీద ఒక కుర్చీ ఉంది, ఖాళీగా."

"ఇంకా?" అంది.